స్ఫటికం సొంత చలి

బిందుమాధవికి కూర్చోవడం రాదు. కుర్చీ ఇస్తే అంచున ఆనుతుంది, కాలు ఊపుతుంది, మాట మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోతుంది. "ఆ కాలు ఊపడం ఆపవే, ఇంటికి మంచిది కాదు" అని తల్లి శేషమ్మ చిన్నప్పట్నుంచీ అంటూనే ఉంది. ఇంటికేమీ కాలేదు, కాలూ ఆగలేదు.

తండ్రి అచ్చయ్య గూడ్సు బండి గార్డు. పలాస నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి, రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే మోవా పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బిందు బళ్ళో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడుతూ పెరిగింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక కొన్నేళ్ళు కాలేజీల్లో 'అతిథి' అధ్యాపకురాలు. అతిథి అంటే ఏదో మర్యాద అనుకునేరు. వచ్చే ఏడాది రావద్దని చెప్పడానికి వీలుగా పెట్టిన పేరది. ఆ మర్యాద చాలనిపించాక నయా రాయపూర్‌లో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరింది. 2022 వర్షాకాలం నాటికి ఆమె గడువు, కోవిడ్ పేరు మీద ఇచ్చిన పొడిగింపుతో సహా, అయిపోవచ్చింది. అన్నేళ్ళకీ చేతిలో మిగిలింది శనగబద్దంత నీలం రాయి ఒక్కటి.

రాయి అంటే రాగి నైట్రేట్ స్ఫటికం. కావాలంటే నాలుగు పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. పెంచలేం. ఇరవయ్యారు డిగ్రీల కంటే చల్లటి చోట పెడితే అదే రాగి, అదే నైట్రేట్, ఎక్కువ నీటిని పట్టుకుని వేరే ఉప్పుగా గడ్డకడుతుంది. ఆ ఉప్పు ఈ పనికి పనికిరాదు. సంస్థలో స్ఫటికాలు పెంచే గదికి ఏసీ పెట్టించారు, విజ్ఞానమంటే ఏసీలోనే జరగాలని ఎవరో నమ్మినందుకు. ఆ గదిలో బిందుకి ఏళ్ళ తరబడి పనికిరాని ఉప్పే పండింది. వేడిపెట్టెలో పెడితే కరెంటు పోయినప్పుడల్లా గింజలు గింజలుగా రాలింది. చివరికి ఆ ఏడు మే నెలలో గాజు గిన్నెని మోవా ఇంటికి తెచ్చి, వెనక గదిలో కూలర్ ఆపేసి పెట్టింది. రాయపూర్ మే నెల పగలూ రాత్రీ ఒక్కలాగే కాలుతుంది. ఆమెకి కావలసింది అదే.

"ఊరంతా కూలర్లేసుకుని పడుకుంటే మనింట్లో కూలర్ ఆపడవేటే? ఆ గిన్నెలో ఏటుంది, బంగారవా?" అంది శేషమ్మ.

"ముట్టుకోకమ్మా, విషం."

"ఓయమ్మ! ఇంట్లో యిషం పెట్టుకుని పడుకోమంటావా?"

"తాళం వేశాను కదా."

"తాళం యేస్తే యిషం కాకుండా పోద్దా? ఏవండీ, మీ కూతురు సూడండి!"

విషమూ పండింది, శేషమ్మా బతికే ఉంది. జూన్‌లో తీసిన ఆ స్ఫటికానికి ఇంకో రెండు పేచీలున్నాయి. తడిగాలి తగిలితే చెమరుస్తుంది, వదిలేస్తే నీలం నీళ్ళయిపోతుంది. గాలి పూర్తిగా తీసేసిన చోట వెచ్చగా ఉంచితే లోపలి నీటిని పోగొట్టుకుని పొడి అయిపోతుంది. గడ్డకట్టే చలిలో ఉన్నంతసేపే దానికి క్షేమం.

ఇంతా చేసి దాంతో ఏం చేస్తుందో ఒకసారి భోజనాల దగ్గర అచ్చయ్యే అడిగాడు.

"నాన్నా, స్టేషన్లో జనం బాగా అల్లకల్లోలం అయ్యేది ఎప్పుడు?"

"ప్లాట్‌ఫారం మార్సినప్పుడు. ఒకటి మీదకి రావాల్సిన బండి అయిదు మీదకొస్తందంటారు. సగం మంది బ్రిడ్జి ఎక్కుతారు, సగం మంది నమ్మరు, ఎక్కినోళ్ళు మళ్ళీ దిగుతారు."

"అదే. ఈ రాయిలో రాగి అణువులన్నీ బుల్లి అయస్కాంతాలు. మామూలుగా జంటలు జంటలుగా, ఒకటి పైకి ఒకటి కిందకి, ఒద్దికగా కూర్చుని ఉంటాయి. బయట్నుంచి అయస్కాంత బలం పెంచుతూ పోతే ఒక చోట జంటలు విడిపోయి, అన్నీ ఒకే వైపు లేచి నిలబడాలని చూస్తాయి. ఆ మార్పు మొదలయ్యే చోట ఏ అణువుకీ కూర్చోవాలో నిలబడాలో తేలదు."

"బ్రిడ్జి మీద జనం."

"ఆ. దాన్నే క్రిటికల్ పాయింట్ అంటారు. అంత గందరగోళం పడాలంటే వేడి కావాలి. రాయిని దేనికీ తగలకుండా వేలాడదీస్తాం కాబట్టి బయట్నుంచి ఎవరూ ఇవ్వరు. తన ఒంట్లో ఉన్న వేడినే తినేస్తుంది. దాంతో చల్లబడుతుంది."

"మరయితే ఫ్రిజ్ సెయ్యొచ్చా?" అంది శేషమ్మ, పులుసు వడ్డిస్తూ.

"చెయ్యలేం. సున్నా కంటే రెండువందల డెబ్బై మూడు డిగ్రీల కింద, ఇంకెక్కడా చలి లేనంత చలిలో మాత్రమే ఇది జరుగుతుంది."

"అంత సల్లగా ఉన్నదాన్ని ఇంకా సల్లబెట్టడవెందుకే?"

ఈ ప్రశ్నకి గ్రాంటు దరఖాస్తుల్లో దేశ భవిష్యత్తు అని రాస్తారు. అసలు జవాబు చిన్నది: అంత చలి పుట్టించడానికి ఇప్పటిదాకా హీలియం కావాలి, హీలియం దొరకడం కష్టం, అయస్కాంతంతో పని జరిగితే దాని అవసరం తగ్గుతుంది. బిందుని కుదురుగా ఉండనివ్వనిది ఈ రెండూ కావు. ఎటూ తేలని చోటే అన్నిటికంటే చల్లగా ఉంటుందన్న మాట ఆమెకి ఎక్కడో తగిలింది. దాన్ని కళ్ళతో చూడాలి, అంతే.

ఆగస్టులో చూసింది కూడా. మనిషెత్తు స్టీలు థర్మాస్ లాంటి యంత్రంలో, క్రయోస్టాట్ అంటారు దాన్ని, అయస్కాంతం మధ్య స్ఫటికాన్ని మూడు సన్నటి పట్టుదారాలతో వేలాడదీసింది. దారాలు శేషమ్మ కట్టే ఇక్కడి కోసా పట్టుచీర కొంగులోంచి లాగినవి. పట్టులో వేడి తొందరగా పారదు. పక్కనే, వెంట్రుకవాసి దూరంలో, స్ఫటికం కంటే చల్లగా ఉండే రాగి స్తంభం. అయస్కాంత బలాన్ని మెల్లగా పెంచుతూ పోతే మూడు టెస్లాల దరిదాపుల్లో తెర మీద వేడి గీత ఒక్కసారిగా కిందికి జారి, లోతైన లోయలా దిగి, మళ్ళీ పైకి లేచింది. మంచి లోయ. ఎవరికైనా చూపించుకోదగ్గ లోయ.

తర్వాత బలాన్ని తగ్గిస్తూ వెనక్కి వచ్చింది. అదే చోట చిన్న సొట్ట పడింది, అంతే.

ఇలా ఉండకూడదు. గీతని ఎటునుంచి దాటినా గందరగోళం ఒక్కటే, చలీ ఒక్కటే కావాలి. వెళ్ళేటప్పుడు లోయ, వచ్చేటప్పుడు సొట్ట అంటే రెంటిలో ఒకటి అబద్ధం. రెండూ కొంచెం కొంచెం అబద్ధమైనా కావచ్చు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ లోయ, మళ్ళీ సొట్ట. ఆ వారమంతా అన్నం కూడా నిలబడే తింది.

గైడు చంద్రాకర్ సార్. ధమ్తరి దగ్గర రైతు కుటుంబం. మాటలన్నీ హిందీలోనే సాగుతాయి. చెడ్డవాడు కాదు, ఆయన శాఖ నుంచి చెప్పుకోదగ్గ పేపరు ఒక్కటీ రాలేదని పైవాళ్ళు ప్రతి మీటింగులోనూ గుర్తు చేస్తుంటారు.

"ఎక్కేటప్పుడు వచ్చిందా లేదా?" అన్నాడు.

"వచ్చింది సార్."

"అయితే అది వేద్దాం."

"దిగేటప్పుడు రాలేదు."

"బిందూజీ, మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు వస్తుందా?"

"ఆయాసం నాది సార్, మెట్లది కాదు. ఇక్కడ నేను కొలుస్తున్నది మెట్లని."

ఆయన నవ్వాడు. "మరేం చేద్దామంటారు?"

"తెరిచి చూస్తాను. లోపల ఎక్కడో తగులుతోందని అనుమానం."

"ఈ వానల్లో తెరిస్తే రాయి కరుగుతుంది. కరిగితే ఇంకోటి కావాలి. ఇంకోటి కావాలంటే మళ్ళీ మే రావాలి. అప్పటిదాకా గడువూ ఉండదు, నేనూ అడగలేను. వచ్చే మే దాకా కూర్చుంటారా? మీకు కూర్చోవడం వచ్చా అసలు?"

 బిందు పేపరు రాయడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పటి గీత ఒక్కటే వేసింది. పేపరు ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ బొమ్మలో దిగేటప్పటి గీత లేని చోటే ఆమెకి కనబడేది.

సెప్టెంబరు పదిహేడు వచ్చింది. విశ్వకర్మ పూజ. మనకి దసరాకి ఆయుధపూజ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. కార్ఖానాల్లో, షెడ్లలో, పంక్చర్ దుకాణాల్లో కూడా ఆ రోజు యంత్రాలు ఆపుతారు, కడిగి బొట్లు పెడతారు, పనిముట్లన్నీ వరసగా పేర్చి పూజ చేస్తారు. ఇక ఆ రోజంతా పానా పట్టుకోరు. ఏడాది పొడుగునా పనిచేసిన యంత్రానికి ఒక్కరోజు సెలవు. పరిశోధన సంస్థల్లో ఇలాంటివి జరగవనుకునేవాళ్ళు ఏ పరిశోధన సంస్థనీ చూసి ఉండరు.

బిందు పొద్దున్నే ల్యాబుకి వచ్చింది. తలుపు తీస్తూనే ఏదో లోటు. యంత్రం కంప్రెసర్ పగలూ రాత్రీ చిప్ చిప్‌మని కొట్టుకుంటూనే ఉంటుంది. అది వినబడటం లేదు. క్రయోస్టాట్‌కి బంతిపూల దండ వేసి ఉంది. స్టీలు మీద సిందూరంతో స్వస్తిక్. ముందు బల్ల మీద ల్యాబులో ఉన్న పానాలు, అలెన్ కీలు, పట్టకార్లు అన్నీ బారుగా పేర్చి, నెయ్యీ సిందూరమూ పూసి, అక్షింతలు చల్లి ఉన్నాయి. టెక్నీషియన్ మహేంద్ర అగరొత్తులు గుచ్చడానికి అరటిపండు వెతుకుతున్నాడు. వాళ్ళ తాత వరంగల్ వైపు నుంచి ఇక్కడి ఇనుప మిల్లులో పనికొచ్చినవాడు. మహేంద్ర తెలుగులో సగం హిందీయే.

"మహేంద్రా, కంప్రెసర్‌కేమైంది?"

"ఏం కాలే మేడమ్. నిన్న శామ్‌కి బంద్ చేసిన. విశ్వకర్మ పూజ కదా."

"లోపల నా శాంపిల్ ఉంది!"

"ఉండనియ్‌రి. ముందు మాగ్నెట్ జీరోకి తెచ్చిన, తర్వాతనే బంద్ చేసిన. బరాబర్ చేసిన. హర్ సాల్ గిట్లనే చేస్తం కదా మేడమ్."

నిజమే, ప్రతి ఏడూ అలాగే చేస్తారు. ఇంతకుముందు ఏ పూజనాడూ లోపల ఎవరి రాయీ లేదు, అంతే తేడా. ఆపొద్దని బిందు అతనికి చెప్పలేదు; పరుగెత్తే బండిని పూజకని మధ్యలో ఆపుతారా అని ఆమె ధీమా. ఆపుతారని అతని ధీమా. ఒకరినొకరు అడగాల్సిన అవసరం ఇద్దరికీ కనబడలేదు.

తెర చూసింది. వేడి ఎక్కుతోంది గానీ లోపల ఇంకా ద్రవ నైట్రోజన్ అంత చలి ఉంది. స్ఫటికం క్షేమమే. ఇప్పుడు మీట నొక్కితే సాయంత్రానికల్లా మళ్ళీ అడుగుకి దిగుతుంది, ఏమీ జరగనట్టే. మధ్యాహ్నం దాటితే మాత్రం వెచ్చబడి, గాలిలేని చోట సొంత నీళ్ళు పోగొట్టుకోవడం మొదలవుతుంది.

చంద్రాకర్ సార్ పట్టు కుర్తాలో వచ్చాడు. సంగతి విని మహేంద్ర వైపు ఒక చూపు చూసి, పూజ రోజు కాబట్టి దాన్ని మింగేశాడు.

"హారతి అవగానే ఆన్ చేసెయ్యండి. ఏమీ పోలేదు."

బిందు కిటికీ దగ్గరికి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. బయట నయా రాయపూర్ వెడల్పాటి రోడ్ల మీద వాన నీళ్ళు తప్ప ఎవరూ లేరు. గంట మోగుతోంది. హారతి పళ్ళెం ఆమె దాకా వచ్చింది, కళ్ళకద్దుకుంది, బూందీ నోట్లో వేసుకుంది. ఆ బూందీ నములుతూనే అంది:

"సార్, ఆన్ చెయ్యను."

"ఏం?"

"ఎలాగూ ఆగింది. సగం దూరం అదే వేడెక్కింది. మిగతా సగం నేను ఎక్కిస్తాను. తెరుస్తాను."

"రాయి పోతే?"

"పోతే పోయిందని రాస్తాను."

"పోయిందని రాస్తే ఎవరు చదువుతారు, బిందూజీ?"

"ఎవరూ చదవరు సార్."

 "నేను వద్దన్నాను. అది గుర్తుంచుకోండి" అని, సార్ పక్క బిల్డింగులో పూజకి పిలిచారని వెళ్ళిపోయాడు.

దీన్ని సత్యనిష్ఠ అని దండ వేసేవాళ్ళుంటారు. అదేం కాదు. నెలరోజులుగా ఒక గీత ఆమెకి దురద పెడుతోంది. దురద గోక్కోవడానికి అంత పెద్ద పేరెందుకు?

లోపల హీటరు పెట్టింది. శూన్యంలోకి పొడి నైట్రోజన్ వదిలింది, స్ఫటికం సొంత నీళ్ళు పోగొట్టుకోకుండా. తెరవడానికి అలెన్ కీ కోసం బల్ల వైపు చెయ్యి చాపింది.

"మేడమ్! ఇయ్యాల ముట్టొద్దు."

"మహేంద్రా, పని ఉంది."

"పని ఉంటే రేపు. ఇయ్యాల ఇవి ఔజార్‌లు కాదు, దేవుళ్ళు."

అతనితో వాదించవచ్చు. కానీ ఆ దేవుళ్ళ ఒంటినిండా నెయ్యీ సిందూరమూ ఉన్నాయి. ఆ జిడ్డు గాలి చొరకుండా పెట్టిన రబ్బరు సీళ్ళకి అంటితే యంత్రం నెలరోజులు ఏడుస్తుంది. పైగా రేపు కంప్రెసర్ నడపాల్సింది మహేంద్రే. బిందు ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, నీ పెట్టెలో అలెన్ కీలు, సన్న పట్టకారు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఏటయింది?"

"తీసుకుని వచ్చెయ్. అమ్మ కుట్టుకత్తెర కూడా."

"వానలోనా?"

"రెయిన్‌కోటు వేసుకో."

అచ్చయ్య స్కూటర్ మీద వచ్చాడు. రెయిన్‌కోటు కింద, కడుపుకి ఆనించుకుని పనిముట్ల సంచి.

"ఏటమ్మా, ఇంటికాణ్ణుంచి పానాలు తెస్తే గానీ పని జరగని ఆఫీసు ఇది? ఈ రోడ్లేటి, గూడ్సు బండి వెనక్కి తిప్పుకోవచ్చు, అడగడానికి మనిషి లేడు."

మహేంద్ర సంచిలోకి తొంగి చూశాడు. "అంకుల్, ఇవి పూజల పెట్టలే కదా?"

"మాకు దసరాకి బాబూ. ఇంకా టైముంది."

"అట్లయితే వీటికి ఇయ్యాల డ్యూటీ ఉన్నట్టే. నేను చూడలే."

"సూడు నాయనా, సూస్తే ఏటౌద్ది?"

మధ్యాహ్నానికి లోపలి వేడి గది వేడికి వచ్చింది. అంతకంటే ముందు తెరిస్తే గాలిలోని తేమంతా రాయి మీదే కురుస్తుంది. బిందు పెద్ద పాలిథిన్ సంచిని క్రయోస్టాట్ మూతి చుట్టూ బిగించి, లోపలికి పొడి నైట్రోజన్ నింపి, సంచికి రెండు చిల్లులు చేసి చేతులు దూర్చింది. చిల్లుల దగ్గర గ్యాసు బుస్సుమంటోంది. ఒక చోట సంచి అంచు లేచిపోయింది. మహేంద్ర గబుక్కున వచ్చి రెండు చేతులతో దాన్ని స్టీలుకి అదిమి పట్టుకున్నాడు.

"ఇదేటి, ముట్టకూడదన్నావు?" అన్నాడు అచ్చయ్య.

"ఔజార్ ముట్టొద్దన్న అంకుల్. చేతులు ఔజార్ కాదు కదా."

రాయీ రాగి స్తంభమూ బిగించి ఉన్న లోపలి బొంగు పైకి వచ్చింది. స్ఫటికం ఉంది, నీలంగానే ఉంది. బిందు టార్చి వేసి వంగింది. మూడు దారాల్లో ఒకటి వదులైంది. రాయి ఒక పక్కకి ఒరిగింది. దాని మూల ఒకటి నునుపుగా అరిగి ఉంది. ఎదురుగా రాగి స్తంభం మీద, సరిగ్గా అదే ఎత్తులో, నీలం మరక.

ఊరికే వేలాడుతున్నప్పుడు తగలటం లేదు. అయస్కాంత బలం పెరిగి రాయిని లాగినప్పుడు, ఆ వదులు దారం మీద పక్కకి జరిగి స్తంభాన్ని రాసుకుంటోంది. స్తంభం చల్లగా ఉంటుంది. లోయలో ఎక్కువ భాగం ఆ స్తంభం ఇచ్చిన చలి. అంతసేపు ఆనుకున్నాక తిరిగొచ్చేటప్పుడు కూడా దాన్ని వదలక, తన చలిని ఆ స్తంభంలోకే పోగొట్టుకుంటోంది, అందుకే సొట్ట. రెండూ కొంచెం కొంచెం అబద్ధమే.

"ఏటి దొరికిందా?" అన్నాడు అచ్చయ్య.

"ముడి జారింది నాన్నా."

ముడిని పట్టకారుతో తిప్పి చూసి ఆగిపోయింది. అది పూలమాల ముడి. మల్లెపూల దండ కట్టేటప్పుడు వేలి చుట్టూ దారం తిప్పి, తొడిమ మీంచి లాగి బిగించే మెలిక. అది నిజానికి ముడి కాదు. దారం బిగువుగా ఉన్నంతసేపే పట్టు. చిన్నప్పుడు శేషమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది, చేతులకి అలవాటైపోయింది. అప్పుడూ ఇలాంటి సంచిలోనే చేతులు దూర్చి, సరిగ్గా కనబడకుండా కట్టాల్సి వచ్చినప్పుడు వేళ్ళు తమకి తెలిసిందే కట్టేశాయి. నున్నటి కోసా దారం చలికి ముడుచుకుని జారిపోయింది. రెండు దారాలకి మామూలు ముడి వేసింది. మూడోదానికి, విసుగులో, పూలముడి.

"నవ్వుతున్నావేటే?"

"నన్ను చూసే."

ఆ నవ్వుకి వ్యవధి లేదు. రాయి అరిగిన మూల మెరుస్తోంది. చెమరుస్తోంది. చూస్తూండగానే ఒక నీలం బొట్టు ఊరి, కిందికి సాగింది. సంచిలోకి ఎక్కడో తడిగాలి వస్తోంది.

"మహేంద్రా, గట్టిగా!"

"గట్టిగనే పట్టిన మేడమ్! ఆ పక్క కారుతుంది కావచ్చు!"

అచ్చయ్య రెయిన్‌కోటు విప్పి ఆ పక్క చుట్టి, మీద ఒళ్ళు ఆనించి నిలబడ్డాడు. బిందు వడపోత కాగితంతో ఆ మూలని అద్దింది, బొట్టు పీల్చింది. మళ్ళీ ఊరింది, మళ్ళీ అద్దింది. ఆ మూల కరిగి గుండ్రమైపోయింది. ఆగితే రాయి పోతుంది, తొందరపడితే దారం తెగుతుంది. పాత దారం కత్తిరించి కొత్తది వేసి, రెండు మెలికలు తిప్పి అసలు ముడి వేసి, దాని మీద వార్నిష్ చుక్క పెట్టింది. అచ్చయ్య తర్వాత చెప్పినట్టు, అంతసేపూ ఆమె కాలు కదల్లేదు. రాయిని స్తంభానికి ఇంకా దూరంగా జరిపి బొంగు దించేసింది.

"అయిందా? ఒదిలెయ్యనా?" అన్నాడు మహేంద్ర, సంచి పట్టుకున్న వేళ్ళు తెల్లబడి.

"వదిలెయ్."

ఆ రాత్రికి స్ఫటికాన్ని పొడి గ్యాసులోనే ఉంచారు. మర్నాడు పొద్దున్నే మహేంద్ర నెయ్యి తుడిచిన అలెన్ కీతో మూత బిగించి, కంప్రెసర్ ఆన్ చేశాడు. చిప్ చిప్ మొదలైంది. యంత్రం అడుగుకి దిగేదాకా బిందు ఆ వరండాలో ఎంత దూరం నడిచిందో కొలిస్తే పక్క టౌను ఆరంగ్ దాకా వచ్చి ఉండేది. రాయి పగిలి ఉండొచ్చు. మూల కరిగి వేరే ఉప్పు అయి ఉండొచ్చు. లోయ పోయి, సొట్ట కూడా రాకపోవచ్చు. అప్పుడు చెప్పుకోవడానికి నిజం మాత్రం ఉంటుంది, థీసిస్ ఉండదు. నిజం ఒక్కదాన్ని తీసుకుని డిగ్రీ ఇచ్చే చోటు ఆమెకి తెలీదు.

బలం పెంచింది. మూడు టెస్లాల దగ్గర గీత దిగింది. మునుపటి లోయలో మూడో వంతు కూడా లేదు. మళ్ళీ పైకి లేచింది. బలం తగ్గించింది. గీత దిగింది. మళ్ళీ లేచింది.

సార్‌కి ఫోన్ చేసింది. ఆయన వచ్చి, నిలబడే చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే సార్."

"ఆ లోతంతా ఏమైంది?"

"అది స్తంభానిది. రాసుకుంటోంది." నీలం మరక పడిన స్తంభం ఫొటో ఫోన్లో చూపించింది. పూలముడి సంగతి కూడా చెప్పింది. దాచి ప్రయోజనం లేదు.

చంద్రాకర్ చాలాసేపు ఆ ఫొటో చూశాడు. ఆ లోయని ముందే పేపర్లో పంపి ఉంటే, ఎక్కడో ఎవరో ఇదే రాయిని వేలాడదీసి, లోయ రాక, తన పేరు పట్టుకుని నిలదీసేవాళ్ళని ఆయనకి తట్టి ఉంటుంది. తట్టలేదేమో కూడా, ఆయన చెప్పలేదు. అది పంపనందుకు ఆమెకి థాంక్స్ కూడా చెప్పలేదు.

"మళ్ళీ తిప్పండి. నా ముందు."

తిప్పింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ల్యాబులో ఆయన కూర్చోవడం మహేంద్ర అదే మొదటిసారి చూడటం. చాయ్ తెచ్చి పక్కన పెట్టి, అవసరం లేకపోయినా అక్కడే నిలబడ్డాడు.

"దీన్ని పెద్ద జర్నల్ వాళ్ళు వెనక్కి పంపిస్తారు" అన్నాడు సార్, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"పంపనివ్వండి."

"చిన్నవాళ్ళు కూడా ఒకసారి పంపిస్తారు."

"మూడోవాళ్ళకి వేద్దాం."

"గడువు కోసం పైవాళ్ళతో నేనే మాట్లాడాలి కాబోలు."

"మాట్లాడాలి సార్."

ఆయన చాయ్ తాగాడు. తెర మీద పోకకి ఒక గీత, రాకకి ఒక గీత; ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎరుపు నలుపు మీద పడి కొన్నిచోట్ల కనబడటమే లేదు. ముందుకి వంగి, వేలు తెర మీద పెట్టాడు.

"ఇందులో ఎక్కేటప్పటిది ఏది?"

బిందు చెప్పబోయి, ఆగి, తనూ వంగింది. "ఒక్క నిమిషం సార్. చూసి చెప్తాను."